పెళ్లికూతురికి చెప్పే శుభ్రం పాఠాలు: జాంబియాలో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

లుసాకా_కోడలు:
మావారి ఉద్యోగం కోసం లుసాకాలో ఉంటున్నాం. మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి వచ్చే నెల పెళ్లి. ఇక్కడ పెళ్లికి ముందు పెద్దావిడలు కాపురం సంగతులు నేర్పిస్తారు, వాళ్లని బానాచింబుసా అంటారు. యోని లోపల వేలితో సబ్బు పెట్టి కడుక్కోవాలని, మూలికల పొడి పెట్టుకుని పొడిగా ఉంచుకుంటే మొగుడికి ఇష్టమని ఈ అమ్మాయికి నేర్పే పెద్దావిడ చెప్పిందట. క్లినిక్‌లో మాత్రం వద్దన్నారట. "మేడమ్, ఎవరి మాట వినాలి?" అని అడుగుతోంది. ఏం చెప్పను?

ఏలూరు_సిస్టర్:
క్లినిక్ మాటే వినమనండి. నేను జాంబియాలోనే ఎండోలాలో నర్సుగా చేశాను, ఈ ప్రశ్న వినని వారం లేదు. యోని లోపల లాక్టోబాసిలస్ అనే మంచి బ్యాక్టీరియా ఆమ్లం తయారుచేసి చెడ్డవాటిని పెరగనివ్వదు. సబ్బు పడితే ఆ ఆమ్లం తగ్గిపోతుంది. అప్పుడు చేపవాసనతో నీళ్లలాంటి తెల్లబట్ట మొదలవుతుంది. వాసన పోవాలని ఆ పిల్ల ఇంకా గట్టిగా కడుగుతుంది, అది ఇంకా పెరుగుతుంది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందిది ఇదే కథ.

ఇక పొడులు. తడి లేకుండా కలిస్తే లోపల ఒరుసుకుపోతుంది, కండోమ్ కూడా చిరగొచ్చు. 2011లో ఆఫ్రికాలోని 13 అధ్యయనాల నుంచి సుమారు 15 వేల మంది స్త్రీల వివరాలు కలిపి చూశారు. లోపల గుడ్డ, కాగితం పెట్టి తుడుచుకునేవాళ్లలో, బిగుతు కోసమో పొడిగా ఉండటానికో ఏదైనా పెట్టుకునేవాళ్లలో, సబ్బు వాడేవాళ్లలో హెచ్‌ఐవీ సోకడం ఎక్కువగా కనిపించింది. వీటివల్లే సోకిందని అది తేల్చదు. కానీ హెచ్‌ఐవీ ఇంత ఎక్కువగా ఉన్న దేశంలో ఆ మాత్రం రిస్క్ కూడా ఎందుకు?

బయట మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు.

గోదారి_గట్టు:
ఆఫ్రికా సరే, మనవాళ్లు తక్కువా? బకెట్లో యాంటీసెప్టిక్ లోషన్ కలుపుకునేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఇప్పుడు పరిమళాల ఇంటిమేట్ వాష్‌లు ఒకటి.

ఏలూరు_సిస్టర్:
నిజం! సీసా అందంగా ఉందని లోపల వాడకూడదు.

లుసాకా_కోడలు:
థాంక్స్ సిస్టర్. కానీ ఆ పెద్దావిడ మాట కాదంటే పెళ్లిలో గొడవవుతుందని ఏడుస్తోంది.

ఏలూరు_సిస్టర్:
ఆవిడతో వాదించక్కర్లేదమ్మా. "సరే అమ్మా" అని ఆ పొడి తీసుకుని పక్కన పెట్టమనండి, స్నానాలగది లోపల ఎవరూ చూడరు. అసలు మాట్లాడాల్సింది పెళ్లికొడుకుతో. పొడిగా ఉండటం అతనికి నిజంగా కావాలా, లేక అందరూ అలా అనుకుంటున్నారా? చాలాసార్లు మగవాణ్ని ఎవరూ అడిగి ఉండరు. పెళ్లికి ముందే ఇద్దరినీ కలిసి హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలకు పంపండి. అతనికి హెచ్‌ఐవీ పాజిటివ్ అని వస్తే ఈ అమ్మాయికి అది సోకకుండా ముందు జాగ్రత్తగా వేసుకునే ప్రెప్ మాత్రలు ఉన్నాయి, అక్కడి ప్రభుత్వ క్లినిక్‌లో అడగమనండి. ఇప్పటికే వాసన, మంట ఉంటే మందులషాపులో తోచిన క్రీమ్ గొట్టం కొనుక్కోవద్దు, చూపించుకుంటే సరిపడే మాత్రలు రాస్తారు.