మూడ్రోజులు బాగానే మోగి తర్వాత ఆల్సా (లైనక్స్ సౌండ్ వ్యవస్థ) డ్రైవర్‌కి బఫర్ మెమరీ దొరకట్లేదు, రీబూట్ చేస్తే మళ్ళీ ఓకే

రాత్రిడ్యూటీ:
అందరికీ నమస్తే. ఆర్మ్ బోర్డు మీద చిన్న అనౌన్స్‌మెంట్ బాక్స్ చేస్తున్నాం, ర్యామ్ 128 ఎంబీ, లైనక్స్ 6.1, ఐటూఎస్‌కి (చిప్పుల మధ్య ఆడియో పంపే లైన్) ఆల్సా డ్రైవర్ నేనే రాశా (రాశా అంటే పాతదొకటి తీసుకుని కెలికా అన్నమాట). బూట్ అయ్యాక బ్రహ్మాండంగా మోగుతుంది. రెండు మూడు రోజులు ఆపకుండా ఉంచితే మాత్రం ఉన్నట్టుండి ఏప్లే (ఆడియో ప్లే చేసే కమాండ్) హెచ్‌డబ్ల్యూ పారామ్స్ (రేటు, బఫర్ సైజ్ సెట్ చేసే దశ) దగ్గరే ఆగిపోతోంది, రిటర్న్ మైనస్ 12 (మెమరీ లేదని), డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్) "పేజ్ అలొకేషన్ ఫెయిల్యూర్: ఆర్డర్:5". ఫ్రీ కమాండ్ కొడితే 40 ఎంబీ ఖాళీ అంటుంది. 40 ఎంబీ పెట్టుకుని 96 వేల బైట్లు లేవంటే ఏమనుకోవాలి నేను?

నా కోడ్‌లో హెచ్‌డబ్ల్యూ పారామ్స్ వచ్చిన ప్రతిసారీ డీఎంఏ అలాక్ కోహెరెంట్ (సీపీయూ లేకుండా హార్డ్‌వేరే నేరుగా చదివే మెమరీ అడగడం) కొడతా, హెచ్‌డబ్ల్యూ ఫ్రీలో వదిలేస్తా. సీఎంఏ (పక్కపక్క పేజీల్ని బూట్‌లోనే పక్కన పెట్టే ఏర్పాటు) ఆన్ చెయ్యలేదు. లీకేమో అనుకుని రెండు రాత్రులు కేమెమ్‌లీక్ (లీకులు వెతికే టూల్) పెట్టి కూర్చున్నా, ఏమీ తగల్లేదు.

ఉప్మా_కెర్నల్:
లీక్ కాదు బ్రో, మెమరీ ముక్కలైపోయింది. లెక్క చూడు: 48000 శాంపిళ్ళు, రెండు ఛానెళ్ళు, ఒక్కోటి 2 బైట్లు, అంటే సెకనుకి 192000 బైట్లు. ఏప్లే ఏమీ చెప్పకపోతే అర సెకను బఫర్ అడుగుతుంది, అదే నీ 96000. 4 కేబీ పేజీల్లో 24. బడ్డీ అలొకేటర్‌కి (కెర్నల్‌లో పేజీలు పంచేది) 24 అనే మాట తెలీదు, రెండు నాలుగు ఎనిమిది అలానే ఇస్తుంది కాబట్టి పక్కపక్కనే 32 పేజీలు కావాలి, అదే ఆర్డర్ 5. పెళ్ళి బంతిలో అక్కడొకటి ఇక్కడొకటి యాభై విస్తళ్ళు ఖాళీగా ఉన్నాయ్, మీవాళ్ళు 32 మందీ ఒకే వరసలో కూర్చుంటామని పట్టుబడితే వడ్డించేవాడేం చేస్తాడు?

ప్రోక్‌లో బడ్డీఇన్ఫో (ఏ సైజు ఖాళీ ముక్కలు ఎన్నున్నాయో చెప్పే ఫైల్) తీసి ఇక్కడ పెట్టు. ఎడమ నుంచి ఆరో అంకె ఆర్డర్ 5ది.

గబగబ:
సింపుల్, వీమాలక్ వాడెయ్. యూఎస్‌బీ ఆడియో డ్రైవర్ అదే చేస్తుంది కదా, పేజీలు ఎక్కడున్నా పర్లేదు.

నల్లగొండ_పోరడు:
గట్ల కుదరదు అన్నా. యూఎస్‌బీల బఫర్‌కెల్లి శాంపిళ్ళను సీపీయూనే యూఆర్‌బీలకు (యూఎస్‌బీకి పంపే రిక్వెస్టులు) కాపీ చేస్తది, అందుకే నడుస్తది. ఈన బోర్డుల డీఎంఏ డైరెక్టుగ ఫిజికల్ అడ్రస్ పట్టుకొని చదువుతది, మధ్యల ఐఓఎంఎంయూ (చెదిరిన పేజీలను డీఎంఏకు ఒకే వరసగ చూపెట్టేది) లేకపోతే మొదటి పేజీ దాటినంక ఎవరి మెమరీని పాడుతదో దేవుడికెరుక. ఇంటెల్ హెచ్‌డీఏ అంటే వేరు, దానికి డిస్క్రిప్టర్ లిస్ట్ ఉంటది, 256 ఎంట్రీల దాకా, ముక్కలున్నా కుట్టుకుంటది.

రాత్రిడ్యూటీ:
బడ్డీఇన్ఫో చూశా. మొదటి మూడూ వేలల్లో ఉన్నాయ్, ఆరో అంకె సున్నా, దాని కుడి పక్కన కూడా అన్నీ సున్నాలే 😐 ఐఓఎంఎంయూ లేదు మా దాంట్లో. మొదట్లో కేమాలక్‌తో (మామూలు కెర్నల్ మెమరీ) కూడా చేశా, అప్పుడు మధ్యమధ్యలో పాత అనౌన్స్‌మెంట్ ముక్కలు వినిపించేవి, ఎందుకో తెలీక దాన్ని తీసేశా.

ఉప్మా_కెర్నల్:
ఆ పాత ముక్కలు క్యాష్ పుణ్యం. నువ్వు రాసిన కొత్త శాంపిళ్ళు ఇంకా సీపీయూ క్యాష్‌లోనే ఉంటే డీఎంఏ ర్యామ్‌లో ఉన్న పాతది చదివి పాడేసింది. కోహెరెంట్‌కి మారి మంచి పని చేశావ్, కాకపోతే అడిగే టైమే తప్పు. బూట్ అప్పుడే, మెమరీ ఇంకా నున్నగా ఉండగానే తీసుకుని పెట్టుకోవాలి. పీసీఎం కన్‌స్ట్రక్ట్‌లో (డ్రైవర్ లోడ్ అయ్యేటప్పుడు నడిచే కాల్‌బ్యాక్) ఎస్‌ఎన్‌డీ_పీసీఎం_సెట్_మేనేజ్డ్_బఫర్_ఆల్ పిలువు, టైప్ డెవ్, సైజ్ 64 కేబీ, మ్యాక్స్ 128 కేబీ. ఆ తర్వాత నీ హెచ్‌డబ్ల్యూ పారామ్స్‌లో అలాక్ చేసే లైన్లు, హెచ్‌డబ్ల్యూ ఫ్రీ మొత్తం పీకెయ్, నీ కాల్‌బ్యాక్ వచ్చేసరికే ఆల్సా కోర్ బఫర్ చేతిలో పెట్టి ఉంటుంది. డివైస్ పాయింటర్ మాత్రం డీఎంఏ కంట్రోలర్‌ది ఇవ్వు, సౌండ్ కార్డ్‌ది కాదు, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

ఇంకోటి, ప్రీఅలాక్ (ఇలా ముందే తీసి పెట్టుకోవడం) అడిగినంత దొరక్కపోతే ఆల్సా సగానికి సగం తగ్గించుకుంటూ పోతుంది, 64, 32, 16 అలా. డ్రైవర్ లోడ్ అవ్వడం మాత్రం ఆగదు. నువ్వు దాన్ని మాడ్యూల్‌గా పెట్టి మూడో రోజు తీసి మళ్ళీ లోడ్ చేస్తే అదే కథ. అసలు ఎంత దొరికిందో ప్రోక్ ఏసౌండ్ కింద సబ్0లో ప్రీఅలాక్ ఫైల్ చెప్తుంది, అంకె కేబీల్లో ఉంటుంది.

సాయంత్రం_ఆరు:
తగ్గించుకోవడం ఇష్టం లేకపోతే సెట్_ఫిక్స్‌డ్_బఫర్_ఆల్ ఉంది, దొరక్కపోతే మొహం మీదే ఎర్రర్ ఇస్తుంది. ప్రొడక్ట్ బాక్సుల్లో నాకదే నచ్చుతుంది, ఫీల్డ్‌లోకి వెళ్ళాక తెలియడం కంటే బూట్‌లో చావడం నయం. అయినా మీ చిప్‌కి డీఎంఏ ఇంజిన్ (కెర్నల్‌లోని కామన్ డీఎంఏ ఫ్రేమ్‌వర్క్) డ్రైవర్ ఉంటే ఇదంతా చేత్తో రాయడం దేనికండీ, జెనరిక్ డీఎంఏ ఇంజిన్ పీసీఎం రిజిస్టర్ చేస్తే డిఫాల్ట్‌గా 512 కేబీ అదే ముందే తీసుకుంటుంది.

రాత్రిడ్యూటీ:
డీఎంఏ ఇంజిన్ డ్రైవర్ ఉంది గానీ వెండర్ ఇచ్చినది, సైక్లిక్ మోడ్ (బఫర్‌ని గుండ్రంగా మళ్ళీ మళ్ళీ చదవడం) రాయలేదు వాళ్ళు, అందుకే ఈ తిప్పలు. మేనేజ్డ్ పెట్టేశా, 60 లైన్లు ఎగిరిపోయాయ్. ఇప్పుడు ప్రీఅలాక్‌లో 64, హెచ్‌డబ్ల్యూ పారామ్స్ ఫైల్‌లో బఫర్ సైజ్ 16384 ఫ్రేములు, పీరియడ్ (ఒక్కో విడత) 4096 అంటుంది. ముందు 24000 ఉండేది. తగ్గిందేంటి, నేనేమైనా చెడగొట్టానా?

ఉప్మా_కెర్నల్:
ఏం చెడలేదు. ఫ్రేమ్‌కి (రెండు ఛానెళ్ళ శాంపిళ్ళ జత) 4 బైట్లు, 16384 ఫ్రేములంటే సరిగ్గా 64 కేబీ, 341 మిల్లీసెకన్లు. ప్రీఅలాక్ అయినంతే యాప్‌కి పైపరిమితి అవుతుంది. చాలదనిపిస్తే ప్లే ఆగి ఉన్నప్పుడు ఆ ప్రీఅలాక్ ఫైల్‌లోకే 128 ఎకో చెయ్, స్ట్రీమ్ ఓపెన్‌లో ఉంటే బిజీ అంటుంది. కానీ అనౌన్స్‌మెంట్‌కి 341 చాలదా!

రాత్రిడ్యూటీ:
చాలు చాలు. ఈ రోజుకి ఆరో రోజు, బడ్డీఇన్ఫోలో ఆ సున్నాలు అలానే ఉన్నాయ్, బాక్స్ మాత్రం మోగుతూనే ఉంది. మా మేనేజర్ మాత్రం రోజూ రాత్రి మూడింటికి రీబూట్ చేసే క్రాన్ పెట్టేద్దాం అంటున్నాడు ఇప్పటికీ 😄