పండుగకు అమ్మను ఇంటికి తీసుకురావాలా, ఆమె ఉన్నచోటే జరుపుకోవాలా?

ప్రశ్న: చిన్న కూతురు

మా అమ్మకు 78 ఏళ్లు. అల్జీమర్స్ మధ్య దశలో ఉంది. వృద్ధుల నివాస సముదాయంలో డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గిపోయే స్థితి, అల్జీమర్స్ అందులో ఒక రకం) ఉన్నవారి కోసం వేరుగా నడిపే విభాగంలో ఉంటోంది. ఈ పండుగకు బంధువులందరం అన్నయ్య ఇంట్లో కలుస్తున్నాం. అమ్మను రెండు రాత్రులు అక్కడే ఉంచుకోవాలని అన్నయ్య పట్టుదల. అమ్మ లేకుండా పండుగేమిటని అతను అంటే కాదనడానికి నాకూ నోరు రావడం లేదు. అయితే కిందటిసారి సముదాయంలోని హాల్లో జరిగిన వేడుకలోనే, మైకు మోగినంతసేపూ అమ్మ చెవులు మూసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ సాయంత్రమంతా "మా అమ్మ ఎదురుచూస్తుంటుంది, నన్ను పంపించండి" అంటూ తలుపు దగ్గరే తచ్చాడింది. పైగా పండుగ మాట వినగానే నాన్నగారు ఎక్కడున్నారని అడుగుతుంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆమెను తీసుకురావడం మంచిదా? అలా అడిగినప్పుడు ఏమని చెప్పాలి?

సమాధానం 1: డిమెన్షియా విభాగంలో పనిచేసే నర్సు

రెండు రాత్రుల ఆలోచన మానుకోమనే నా సలహా. అల్జీమర్స్ ఉన్న చాలామందిలో మధ్యాహ్నం దాటి పొద్దు వాలేకొద్దీ గాభరా, అనుమానం, చిరాకు పెరుగుతాయి. దీన్ని సన్‌డౌనింగ్ అంటారు. రోజంతటి అలసట, వెలుతురు తగ్గి నీడలు కమ్ముకోవడం, నిద్రమెలకువల వేళలను నడిపే శరీర గడియారం గతి తప్పడం ఇందుకు కారణాలుగా చెబుతారు. మన వేడుకలేమో సరిగ్గా ఆ వేళకే ఊపందుకుంటాయి. ఇక కొత్త సంగతులను గుర్తుంచుకోవడానికి అవసరమైన మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగం ఈ వ్యాధిలో తొలిదశలోనే దెబ్బతింటుంది కాబట్టి, మరుగుదొడ్డి ఏ వైపుందో పగలు ఎన్నిసార్లు చూపించినా అర్ధరాత్రి లేచేసరికి ఆమెకు తెలియకపోవచ్చు. చీకట్లో వెతుక్కుంటూ పడిపోయే ప్రమాదం ఇలాంటప్పుడే ఎక్కువ.

మీరే ఆమె దగ్గరకు వెళ్లేటట్లయితే, ఆమె ఏ వేళలో ప్రశాంతంగా ఉంటున్నదో అక్కడి సిబ్బందిని అడగండి. చాలామందికి అది ఉదయం టిఫినుకూ మధ్యాహ్న భోజనానికీ మధ్య సమయం. ఒక్కసారిగా పదిమంది గదిలోకి రావడం కన్నా ఇద్దరిద్దరుగా రావడం మేలు. మిగిలినవారు బయట కూర్చుని తమ వంతు కోసం వేచి ఉండవచ్చు. టీవీ కట్టేయండి. ఎదురుగా, ఆమె కళ్లకు సమానమైన ఎత్తులో కూర్చుని, "అమ్మా, నేను నీ చిన్న కూతురిని" అని మీరే చెప్పండి. "నేనెవరో చెప్పు చూద్దాం" అనే పరీక్ష పిల్లల చేత కూడా పెట్టించవద్దు.

అలంకరణ విషయంలో మా విభాగంలో గట్టిగానే ఉంటాం. మిణుకుమిణుకుమనే దీపాలు పెట్టం. నిజమైనవాటిలా కనిపించే ప్లాస్టిక్ పళ్లు అసలే ఉంచం, ఎందుకంటే నోట్లో పెట్టుకుంటారు. గుమ్మం ముందు నల్లటి చాప పరిస్తే అది గొయ్యిలా కనిపించి, కొందరు దాన్ని దాటలేక అక్కడే ఆగిపోతారు. పండుగ పేరుతో మంచాన్నీ కుర్చీనీ జరిపేసినా మరుగుదొడ్డికి దారి తప్పుతుంది. సందర్శకుల నుంచి మాకు ఎదురయ్యే పెద్ద ఇబ్బంది మరొకటుంది. బయటకు వెళ్లేటప్పుడు వెనుక వస్తున్న పెద్దాయనను చూసి, ఎవరి తండ్రో అనుకుని మర్యాదగా తలుపు పట్టుకుని నిలబడతారు. ఆ పెద్దాయన మా విభాగంలో ఉండేవారే, తిన్నగా రోడ్డు మీదికి వెళ్లిపోతారు. దయచేసి తలుపు మూసుకునేదాకా చూసి కదలండి.

సెలవు తీసుకోవడం కూడా ముందే ఆలోచించుకోవాలి. అందరూ ఒకేసారి లేచి చెప్పులు వేసుకుంటే ఆమె కూడా బయలుదేరుతుంది. భోజనానికి పిలిచే వేళకు ముగించుకుని, సిబ్బందిలో ఒకరు ఆమెను మాటల్లో పెట్టి బల్ల దగ్గరకు తీసుకువెళ్లాక కదిలితే కన్నీళ్లు తగ్గుతాయి.

సమాధానం 2: డిమెన్షియా ఉన్న తండ్రికి కొడుకు

నర్సుగారు చెప్పినవన్నీ నిజమే గానీ, ఇంటికి అసలు తీసుకురావద్దనే అర్థం మాత్రం తీసుకోకండి. మా నాన్నగారిని ఉదయం పూట రెండు గంటలపాటు ఇంటికి తెస్తున్నాం. ఒక గది ఆయన కోసం ఖాళీగా, నిశ్శబ్దంగా ఉంచుతాం. మనవరాలు ఉతికిన తువ్వాళ్ల గుట్ట ముందు పెడితే అంచులు కలిపి, అరచేత్తో నొక్కి, ఒక్కొక్కటే మడత పెడతారు. వేడుక చూడమంటే ఐదు నిమిషాలు కూర్చోలేని మనిషి పని ఉంటే స్థిమితంగా కూర్చుంటారు. చీకటి పడకముందే తిరిగి దింపేస్తాం. కారు ఎక్కించేటప్పుడే బెంబేలెత్తిపోయేవారికి ఈ పద్ధతి పనికిరాదు, కాబట్టి ముందు పండుగ కాని మామూలు రోజున ఒకసారి తీసుకువచ్చి చూడండి.

మీ నాన్నగారి సంగతి. ఆయన పోయారని చెబితే అమ్మగారు ఆ కబురు అప్పుడే మొదటిసారి విన్నట్లు ఏడుస్తారు. కాసేపటికి కబురు మరచిపోతారు, దుఃఖం మాత్రం ఉండిపోతుంది. అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో అల్జీమర్స్ ఉన్నవారికి విషాదకరమైన, ఆనందకరమైన సినిమా దృశ్యాలు చూపించారు. చూసినదేమిటో వారికి దాదాపు గుర్తులేకపోయినా దానివల్ల కలిగిన బాధో సంతోషమో మాత్రం అలాగే నిలిచి ఉంది. అందువల్ల మీ చోట నేనైతే అబద్ధమూ ఆడను, మరణవార్తా చెప్పను. "నాన్నగారు గుర్తొచ్చారా? పండుగ పనుల్లో ఆయన ఏం చేసేవారు?" అని అడుగుతాను. అమ్మగారు ఆయన కోసం అడగడంలో ఉన్నది చాలావరకు బెంగే. ఆయన గురించి మాట్లాడనిస్తే అది కొంత తీరుతుంది. ఇందులో దాపరికం ఉందని మా అక్కయ్య ఇప్పటికీ ఒప్పుకోదు, ఆమె అభ్యంతరాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయలేను.

సమాధానం 3: వృద్ధుల వైద్యంలో పనిచేస్తున్న డాక్టరు

రెండు విషయాలే చెబుతాను. ప్రయాణంలోనూ జనంలోనూ గొడవ చేయకుండా ఉండటానికి ఏదైనా మాత్ర ఇవ్వమని పండుగల ముందు చాలామంది అడుగుతారు. మానసిక రుగ్మతలకు వాడే యాంటీసైకోటిక్ మందుల వల్ల డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాల ముప్పు పెరుగుతోందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. లూయీ బాడీ రకం డిమెన్షియాలో ఇవి మరింత ప్రమాదకరం. మనకు అనుకూలంగా ఉంటుందని వేయించే మందులు కావు ఇవి.

రెండవది, ఆమె ఒకటి రెండు రోజుల్లోనే అకస్మాత్తుగా మారిపోయి, మగతగా పడి ఉండటమో, లేనివి కనిపిస్తున్నాయనడమో జరిగితే, దాన్ని పండుగ అలసట అని గానీ వ్యాధి ముదిరిందని గానీ సరిపెట్టుకోవద్దు. అది డెలీరియం, అంటే ఒంట్లోని మరో సమస్య వల్ల హఠాత్తుగా వచ్చే మానసిక గందరగోళం కావచ్చు. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్తగా వేసిన మందు వంటివి దానికి కారణాలు, వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. అదే రోజు డాక్టరుకు చూపించాలి. దగ్గు, జలుబు ఉన్నవారు ఎంత దగ్గరి బంధువులైనా సముదాయానికి వెళ్లకుండా ఆగడమే న్యాయం.

చిన్న కూతురు

అందరికీ కృతజ్ఞతలు. ఈ సమాధానాలు అన్నయ్యకు చదివి వినిపించాను. రాత్రులు ఉంచుకోవాలన్న మాట వదులుకున్నాడు గానీ, ఇంటికి ఒక్కసారైనా తీసుకురావాలనే అంటున్నాడు. వచ్చేవారం మామూలు రోజున, ఉదయం పూట తీసుకువెళ్లి చూడాలని ఇద్దరం ఒప్పుకున్నాం. ఆమె ఇబ్బంది పడితే పండుగనాడు మేమే వంతులవారీగా అక్కడికి వెళతాం. అమ్మ ఏ వేళలో నెమ్మదిగా ఉంటుందో రాసిపెట్టమని సిబ్బందిని అడిగాను. అన్నయ్య కొడుక్కి నాలుగు రోజులుగా జలుబుగా ఉంది, వాడికి నచ్చజెప్పడం వదినకు వదిలేశాం.