నాణేనికి ‘అచ్చుతప్పు’ చెల్లుతుందా?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, వన్‌టౌన్. మొన్న అమ్మమ్మ పోపుల డబ్బా కడుగుతుంటే అడుగున 1984 నాటి పెద్ద రూపాయి బిళ్ళ దొరికింది. సంవత్సరం కింద వజ్రం గుర్తు ఉంది, అంటే ముంబై టంకశాలది. అంచు దగ్గర కందిపప్పు బద్దంత బొడిపె. ‘అచ్చుతప్పు నాణెం’ అని రాసి ఇంటి గ్రూపులో ఫొటో పెట్టాను. మా బావ వెంటనే, “అచ్చుతప్పులు పేపర్లో ఉంటాయి గానీ డబ్బులో ఉండవు” అన్నాడు. టిఫిన్ పందెం కాశాను. బిళ్ళ రెండువైపుల ఫొటోలూ ఇక్కడ పెట్టాను. నాణేనికి అచ్చుతప్పు అనొచ్చా? కాకపోతే ఏమనాలి?

జవాబు 1: ‘నాణక ముద్రణా వైకల్యం’ అనండి. శాస్త్రీయంగా ఉంటుంది.

జవాబు 2: మాస్టారూ, ఆ మాట చెప్పి చిల్లర మార్చమంటే కండక్టరు మద్దిలపాలెంలోనే దింపేస్తాడండి.

జవాబు 3: బావగారిదే పొరపాటు. అచ్చు కాగితం సొత్తు కాదు. బెల్లానికి అచ్చు ఉంది, మగ్గానికి అచ్చు ఉంది. తమిళులూ కన్నడిగులూ కూడా అచ్చు అనే అంటారు. (అచ్చులు, హల్లులు అనేటప్పటి అచ్చు వేరు, అది సంస్కృత వ్యాకరణంలోని ‘అచ్’.) “వాడు తండ్రిని అచ్చు గుద్దినట్టున్నాడు” అంటాం కదా, ఆ గుద్దడం నాకైతే ప్రెస్సు పనిలా కాక నాణెం పనిలాగే వినిపిస్తుంది.

నా పేచీ ఇంకొకటి. నాణెం మీద ఏ లోపం కనబడినా అచ్చుతప్పు అనేస్తే అచ్చు మీద లేనిపోని నింద వేసినట్టు. నాణేనికి మూడు కావాలి: బిళ్ళ, బొమ్మ చెక్కిన ఉక్కు అచ్చు, ఆ అచ్చుతో బిళ్ళ మీద వేసే గుద్దు. నాణేల లోపాలు సేకరించేవాళ్ళు ప్రపంచమంతా చేసే విభజన కూడా ఈ మూడే. మూడింటికీ మన ఇళ్ళలో మాటలు ఉండనే ఉన్నాయి, కొత్తవి పుట్టించక్కర్లేదు.

బిళ్ళ అంటే ముద్ర పడకముందు బోడిగా ఉండే లోహపు ముక్క. వాటిని రేకులోంచి కోసేటప్పుడు రేకు సరిగా ముందుకి జరగకపోతే, కొత్త కోత పాత కంత మీదకి కొంత ఎక్కుతుంది. అప్పుడు ఎలక కొరికినట్టు నెలవంక ఆకారంలో ముక్క పోయిన బిళ్ళ వస్తుంది. అది బిళ్ళతప్పు. బొమ్మ పక్కకి ఒరిగి సగమే పడటం, చుట్టూ ఉండాల్సిన ఉక్కు వలయం లేక నాణెం అప్పడంలా సాగిపోవడం గుద్దుతప్పులు.

అచ్చుతప్పు అసలు రంగు తెలియాలంటే ఒకటి గుర్తుంచుకోవాలి. అచ్చులో గుంట ఉన్నచోట నాణెం మీద గుట్ట లేస్తుంది. అందుకే అచ్చుకి గాయమైతే నాణేనికి వాపు వస్తుంది. అచ్చు నెర్రె ఇస్తే ఆ నెర్రెలోకి లోహం పారి నాణెం మీద సన్నటి నరం తేలుతుంది. అచ్చు అంచున పెచ్చు ఊడితే అక్కడ బొమ్మ లేని బోడి బొడిపె లేస్తుంది. లోపలికి దిగిన గీత కనిపిస్తే మాత్రం చాలావరకు అది జనం చేతుల్లో పడ్డ గాటే. యూట్యూబ్‌లో లక్షలు పలుకుతుందని చూపించేవాటిలో సగం ఇలాంటి గాట్లే అని నా అనుమానం. ఒక్కోసారి మధ్యలో బిళ్ళ లేకుండానే పై అచ్చు, కింది అచ్చు ఢీకొంటాయి. బొమ్మ నీడ బొరుసు అచ్చుకి అంటుకుంటుంది. ఆ తర్వాత గుద్దిన నాణేలన్నిటి మీదా ఆ నీడ దెయ్యంలా కనబడుతుంది.

బావగారి పేపరు పోలిక కూడా ఇక్కడే పనికొస్తుంది. పుస్తకంలో అచ్చుతప్పు ప్రతి కాపీలోనూ ఉంటుంది. కాగితం మడతపడి అక్షరాలు చెదిరితే అది ఆ ఒక్క కాపీ తలరాత. నాణెమూ అంతే. అమెరికాలో 1955 నాటి ఒక సెంటు నాణెం ఉంది. అచ్చు తయారుచేసేటప్పుడే అక్షరాలు రెండేసి పడ్డాయి. ఆ అచ్చుతో గుద్దినవన్నీ జంట అక్షరాలతోనే వేలకొద్దీ బయటికి వెళ్ళాయి. అచ్చుతప్పు అంటే అదీ. గుద్దుతప్పుకి అలాంటి కవలలు ఉండవు.

జవాబు 4: నా దగ్గరున్న పది రూపాయల నాణేనికి బొరుసు తలకిందులుగా ఉంది అన్నయ్యా. ఇది ఏ తప్పు?

జవాబు 3: బొమ్మ నిటారుగా పట్టుకుని, పుస్తకం పేజీలా పక్కకి తిప్పి చూడమ్మా. మన నాణేలకి బొరుసు కూడా నిటారుగానే ఉండాలి. కిందనుంచి పైకి తిప్పితే మన నాణెం ఏదైనా తలకిందులే. పక్కకి తిప్పినా తలకిందులైతే అచ్చు తన గూట్లో తిరిగిపోయిందన్నమాట. అచ్చుకి దెబ్బ లేదు, కూర్చోవడమే వంకర. నేనైతే ‘అచ్చు తిరుగుడు’ అంటాను.

జవాబు 5: మన తొట్లకొండ తవ్వకాల్లో శాతవాహన నాణేలు దొరికాయి. ఆ కాలంలో చేత్తో గుద్దేవారు, బొమ్మ పక్కకి ఒరగడం మామూలే. ఇంకోటి, టంకశాలకి కన్నడంలో ‘కమ్మట’, మలయాళంలో ‘కమ్మట్టం’ అంటారు. మనకీ ‘కమ్మటం’ ఉండేది, ఎందుకు వదిలేశామో.

జవాబు 6: అన్నయ్యా, మాది కురుపాం మార్కెట్లో కంసాలి పని. మీ మొదటి ఫొటో చూసి నేనూ పెచ్చు ఊడిన అచ్చే అనుకున్నాను. కానీ పెచ్చు ఊడిన చోట నొక్కుడు తగ్గుతుంది కదా, వెనకవైపు అదే చోట ముద్ర పల్చగా పడాలి. మీ రెండో ఫొటోలో అక్కడ అంచూ గీతలూ నిండుగా ఉన్నాయి. బొడిపె రంగు కూడా బిళ్ళ రంగుతో కలవట్లేదు. గుండుసూదితో ఒకసారి గీసి చూడండి.

పోస్టు పెట్టినవారు: గీశాను తమ్ముడూ. సీసంలా మెత్తగా గీసుకుపోయింది. అమ్మని అడిగితే నవ్వింది. చిన్న మావయ్య మెడలో వెయ్యడానికి అమ్మమ్మ ఆ బిళ్ళకి కొక్కెం అతికించిందట. కొక్కెం ఊడిపోయాక డబ్బాలో పడేసిందట. అంటే టంకశాల తప్పు కాదు, ఉత్త టంకం. మాట విషయంలో నేను నెగ్గాను, బిళ్ళ విషయంలో బావ నెగ్గాడు. టిఫిన్ బిల్లు చెరిసగం.

జవాబు 2: ఇంతకీ ఆ టంకం, ఈ టంకశాల ఒకటేనా మాస్టారూ?

జవాబు 1: కాదు నాయనా. టంకశాలలో టంకం అంటే ముద్ర పడిన నాణెం. శ్రీనాథుడు “దీనారటంకాల తీర్థమాడించితి” అన్నది దాన్నే. అతికే టంకం ‘టంకణం’ నుంచి వచ్చింది, అంటే లోహం అతికేటప్పుడు వాడే వెలిగారం (బోరాక్స్).