ఆర్లింగ్టన్ కొత్త బేస్‌బాల్ స్టేడియం: 26 సీజన్లకే పాతదాన్ని వదిలేయడం సబబేనా?

ఇర్వింగ్ వాసి:
మొన్న పిల్లలతో టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టు ఆట చూడ్డానికి ఆర్లింగ్టన్ కొత్త స్టేడియం గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కి వెళ్లాం. బయట రోళ్లు పగిలే ఎండ, లోపల చల్లటి ఏసీ. ఆట బాగుంది. కానీ తిరిగొస్తుంటే పక్కనే పాత స్టేడియం ఎర్ర ఇటుక గోడలు, ఆర్చీలు చూసి మనసు చివుక్కుమంది. 1994లో సుమారు 19 కోట్ల డాలర్లతో కట్టారు దాన్ని. 2024 దాకా జట్టుకి అందులో లీజు ఉండగానే, 2016 నవంబర్‌లో ఓటింగ్ పెట్టి కొత్తదానికి నగరం నుంచి 50 కోట్ల డాలర్ల వరకు ఇచ్చేలా ఒప్పించారు. ఆ డబ్బు వచ్చేది డాలరుకి అర సెంటు సేల్స్ టాక్స్, హోటల్ గదుల మీద 2 శాతం, అద్దె కార్ల మీద 5 శాతం పన్ను నుంచి. ఇది తప్పని నా అభిప్రాయం.

ఫ్రిస్కో అమ్మాయి:
అండీ, మీరు పాత స్టేడియంలో జులై మధ్యాహ్నం ఎప్పుడైనా కూర్చున్నారా? మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. గుంటూరు ఎండలకు అలవాటుపడ్డ మనిషి, తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో నాలుగోదానికే లేచి నీడ వెతుక్కున్నారు. ఆయనకేమవుతుందోనని నాకు ఒకటే టెన్షన్. ఇప్పుడు పైకప్పు పావుగంటలోపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అందులో కొంత భాగం వెలుతురు పడే షీటు కాబట్టి మూసినా చీకటిగా ఉండదు. పెద్దవాళ్లతో, చంటిపిల్లలతో వెళ్లేవాళ్లకు అదే ముఖ్యం.

లెఫ్ట్ ఫీల్డ్:
పైకప్పు కావాలి, ఒప్పుకుంటాను. కానీ బయటి నుంచి చూడండి, పెద్ద గోడౌన్‌లా ఉంటుంది. పాతదాంట్లో సెంటర్ ఫీల్డ్ వెనక పచ్చగడ్డి గట్టు ఉండేది, గ్రీన్స్ హిల్ అనేవాళ్లు. హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) అటు పడిందంటే కుర్రాళ్లు బంతి కోసం దాని మీదికి ఉరికేవాళ్లు. ఇప్పుడు మైదానంలో కూడా అసలు గడ్డి లేదు, అంతా కృత్రిమమే.
కొత్తదాంట్లో నాకు మనస్ఫూర్తిగా నచ్చింది బ్యాటర్ నిలబడే చోటు నుంచి మైదానం గోడల దూరాలు. లెఫ్ట్‌లో 329 అడుగులు, జట్టు పాత స్టార్ బెల్‌ట్రే జెర్సీ నంబర్ 29 కాబట్టి. సెంటర్‌లో 407, ఇంకో పాత స్టార్ ఇవాన్ రోడ్రిగ్జ్ నంబర్ 7 కోసం. ఇంకోచోట 372, ఎందుకంటే జట్టు టెక్సస్‌కి వచ్చింది 1972లో. జట్టు చరిత్రని అడుగుల్లో కొలిచి గోడ మీద రాసిపెట్టారు.

ఫ్రిస్కో అమ్మాయి:
కొత్త స్టేడియం వచ్చాకే కదా 2023లో రేంజర్స్ మొదటిసారి వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్స్) గెలిచింది! 2020 వరల్డ్ సిరీస్ మొత్తం, 2024 ఆల్ స్టార్ గేమ్ కూడా ఇక్కడే జరిగాయి.

ఇర్వింగ్ వాసి:
గెలుపు క్రెడిట్ మాత్రం స్టేడియానికి ఇవ్వకండి. 2023 పోస్ట్‌సీజన్‌లో (ప్లేఆఫ్స్‌లో) బయటి ఊళ్లలో ఆడిన 11 ఆటలకు 11 గెలిచారు. సొంత మైదానంలో ఆరు ఆడి రెండే గెలిచారు. కప్పు ఖాయమైంది కూడా ఫీనిక్స్‌లో.
పాత కట్టడం పనికిరాదు అనే మాట కూడా నేను నమ్మను. పక్క ఊరు గ్రాండ్ ప్రెయిరీలోని స్టేడియం చూడండి. 2008లో ఎయిర్‌హాగ్స్ అనే చిన్న బేస్‌బాల్ జట్టు కోసం కట్టారు. దాన్నే క్రికెట్‌కి తగ్గట్టు మార్చాక, 2023లో అక్కడ మేజర్ లీగ్ క్రికెట్ మొదలుపెట్టారు. 2024లో అమెరికా పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్‌లో ఓడించింది అక్కడే.

లెఫ్ట్ ఫీల్డ్:
అన్నా, అది ఏడు వేల సీట్ల చిన్న గ్రౌండ్, నలభై వేలకు పైగా మంది పట్టే బేస్‌బాల్ స్టేడియంతో పోలికేంటి? ఆర్లింగ్టన్ పాత స్టేడియాన్నీ కూల్చలేదు, ఫుట్‌బాల్‌కి మార్చారు. పైగా ఒప్పుకోకపోతే జట్టుని డల్లాస్ ఎగరేసుకుపోతుందని అప్పట్లో అందరికీ భయం.

ఇర్వింగ్ వాసి:
ఆ భయమే జట్టు యాజమాన్యానికి బలమైంది. అప్పటికి లీజు ఇంకా ఎనిమిదేళ్లు ఉంది, నగరం కాస్త ఆగి గట్టిగా బేరమాడాల్సింది. ఆటకొచ్చే కుటుంబం స్టేడియంలో ఖర్చుపెట్టే డబ్బు మామూలుగా ఏ రెస్టారెంట్‌లోనో, సినిమాలోనో పెట్టేదే. ఊరికి కొత్తగా వచ్చిందెంత?

ఆర్లింగ్టన్ శ్రీను:
నేను ఉండేది స్టేడియానికి పది నిమిషాల దూరంలో. రోడ్లు, లైబ్రరీలు అన్నీ అదే నగరం చూసుకోవాలి. 2016లో హెచ్1బీ మీద ఉన్నాను కాబట్టి నాకు ఓటు లేదు. ఉంటే వద్దనే వేసేవాణ్ణి. సరుకులు కొన్న ప్రతిసారీ ఆ అర సెంటు మాత్రం నేనూ కడుతున్నాను.