హైలైట్స్ వేసిన ఉంగరాల జుట్టుకు కొబ్బరి నూనె పెట్టాలా, మానేయాలా?

పాకంపాయలు (మియాపూర్)

అందరికీ నమస్కారం. నాది నల్లటి, దట్టమైన ఉంగరాల జుట్టు. చెవుల దగ్గర నుంచి కిందికి కారమెల్ హైలైట్స్ వేయించుకున్నాను. ముదురు పాకం రంగు వచ్చింది, ఎండలోకి వెళ్తే ఒక్కో రింగూ విడిగా కనిపిస్తోంది. నాకు చాలా నచ్చింది, ఎలాగైనా నిలబెట్టుకోవాలని ఉంది.

సెలూన్‌లో పంపించేటప్పుడు మూడు మాటలు చెప్పారు: తలకు నూనె పెట్టొద్దు, సల్ఫేట్ లేని షాంపూ వాడండి, ఆరేడు వారాలకోసారి టోనర్‌కి (బ్లీచ్ మీద ఛాయ ఎక్కించే రంగుకి) రండి. ఇంట్లో అమ్మ ఒప్పుకోవడం లేదు. ఆదివారం ఆదివారం నూనె పెట్టి తలంటి పెంచిన జుట్టు, నూనె మానేస్తే చివర్లు చిట్లి చేతికొస్తాయి అంటోంది. నిజంగానే రంగు వేసిన పాయలు గరుకుగా అయ్యాయి, దువ్వెనకు చిక్కుకుంటున్నాయి. పక్కనే ఉన్న నల్ల పాయలు మాత్రం ఎప్పట్లాగే ఉన్నాయి.

నూనె పెడితే రంగు పోతుందా? పెట్టకపోతే జుట్టు పోతుందా? ఈ పని తెలిసినవాళ్ళు, ఇలాంటి జుట్టు ఉన్నవాళ్ళు చెప్పండి.

సెలూన్‌కుర్చీ (విజయవాడ)

రంగులు వేయడమే నా వృత్తి కాబట్టి సూటిగా చెబుతాను. మీ సెలూన్ వాళ్ళు చెప్పింది సరైన మాట. నూనె వద్దు.

మన నల్ల జుట్టు మీద బ్లీచ్ పెడితే ఒక్కసారిగా పసుపు రాదు. ముందు ముదురు ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాతే పసుపు. కారమెల్‌కి ఆ నారింజ, పసుపుల మధ్య ఆపి కడిగేస్తాం. దాని మీద టోనర్‌తో గోధుమ, బంగారు ఛాయలు ఎక్కిస్తాం. అంటే మీరు మురిసిపోయే ఆ రంగులో సగం టోనర్‌దే. అది తలకు పోసుకున్న ప్రతిసారీ కొంచెం కొంచెం జారిపోయేదే.

మా దగ్గరికొచ్చేవాళ్ళు చేసేదేమిటంటే, శనివారం రాత్రి నూనె కాచి మాడు నుంచి చివరి దాకా పట్టిస్తారు. పొద్దున్నే ఆ జిడ్డు వదలడానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు షాంపూ రుద్దుతారు. నెల తిరిగేసరికి టోనర్ అంతా పోయి అడుగున ఉన్న నారింజ బయటపడుతుంది. ఆ తర్వాత రంగు నాసిరకమని మమ్మల్ని అంటారు. పొడిదనానికి మాస్క్ ఉంది, కడగకుండా జుట్టుకే వదిలేసే లీవ్-ఇన్ క్రీమ్ ఉంది, చివర్లకు రెండు చుక్కల సీరమ్ ఉంది. నూనెతో పనేముంది?

రసాయనశాల (కాకినాడ)

సెలూన్‌కుర్చీ గారూ, జవాబు మీ మాటల్లోనే ఉందండీ. టోనర్‌ని తీసింది ఆ రెండు మూడు షాంపూలు. నూనె మీద ఎందుకు నింద?

నేను ఫార్మసీ కాలేజీలో సౌందర్య సాధనాల పాఠం చెబుతాను. బ్లీచ్ పొడిలో పెర్‌సల్ఫేట్లు ఉంటాయి. దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కలుపుతారు. సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటే 6 శాతం, 30 అని ఉంటే 9 శాతం. ఈ మిశ్రమం వెంట్రుక లోపలికి చొరబడి నల్లటి మెలనిన్‌ని విరగ్గొడుతుంది. పోతూ పోతూ వెంట్రుక పైపొలుసులకు అంటుకుని ఉన్న సహజమైన కొవ్వు పొరను కూడా ఊడ్చేస్తుంది. ఆ పొర ఉన్నంతకాలం నీటిబొట్టు జుట్టు మీద నిలిచి జారుతుంది. అది పోయాక నీరు నేరుగా లోపలికి ఇంకుతుంది. మీ నల్ల పాయ ఒకటి, రంగు పాయ ఒకటి పక్కపక్కన పెట్టి నీళ్ళు చిలకరించండి, తేడా కంటికే కనిపిస్తుంది. తడిసినప్పుడల్లా ఉబ్బడం, ఆరినప్పుడల్లా కుంచించుకుపోవడం, ఈ రెండింటి మధ్యే వెంట్రుక బలహీనపడి ప్రొటీన్ పోగొట్టుకుంటుంది.

కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. దాని అణువు చిన్నది, నిటారుగా ఉంటుంది కాబట్టి వెంట్రుక లోపలికి వెళ్ళగలదు. 2003లో రెలె, మొహిలె ప్రచురించిన పరిశోధనలో కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. ప్రొటీన్ నష్టాన్ని గట్టిగా తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. మామూలు జుట్టులోనూ, దెబ్బతిన్న జుట్టులోనూ. తలస్నానానికి ముందు పెట్టినా పని చేసింది.

ఒక జాగ్రత్త. "హెయిర్ ఆయిల్" అని అమ్మే వాసన నూనెల్లో చాలావాటికి మూలం లైట్ లిక్విడ్ పారఫిన్, అంటే మినరల్ ఆయిలే. సీసా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. అది పైన మెరుస్తుందే తప్ప లోపలికి పోదు. మీ అమ్మగారు చెప్పేది గానుగ నూనె అయితే ఆవిడ మాటే నా మాట.

సెలూన్‌కుర్చీ (విజయవాడ)

ఆ పరిశోధన చేసినవాళ్ళు కొబ్బరి నూనె అమ్మే మారికో కంపెనీ వాళ్ళు కదండీ? పైగా అందులో కొలిచింది ప్రొటీన్. నా కస్టమర్ డబ్బు పెట్టేది రంగు కోసం.

రసాయనశాల (కాకినాడ)

అవును, మారికో వాళ్ళే. అది తెలుసుకుని చదవాల్సిందే. అయితే కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి వెళ్తుందని, మినరల్ ఆయిల్ వెళ్ళదని 2001లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ టీఆర్ఐ ప్రయోగశాలతో కలిసి చేసిన పనిలో వెంట్రుక అడ్డుకోత మీదే చూపించారు. ప్రొటీన్ సంగతి రంగుకు సంబంధం లేనిదని మాత్రం నేను ఒప్పుకోను. లోపల ఖాళీలు పడ్డ వెంట్రుకలో మీరు ఎక్కించే టోనర్ ఎక్కడ నిలుస్తుంది? దెబ్బతిన్న చివర్లలో రంగు ముందు వెలిసిపోవడం మీరు రోజూ చూసేదే.

బోరునీళ్ళు (నిజాంపేట)

అక్కా, నూనె గురించి అందరు కొట్లాడుతున్నరు గని నీళ్ళ సంగతి ఒక్కరు గూడ అడగలే. మీ అపార్ట్‌మెంట్‌కు మంజీర నీళ్ళొస్తయా, బోరా, ట్యాంకరా?

మా ఇంట్ల గీజర్ విప్పితే రాడ్ మీద సున్నం పెచ్చులు పెచ్చులుగ ఊడుతది. షవర్ రంధ్రాలు సగం మూసుకపోయినయి. గదే సున్నం జుట్టు మీద గూడ కూసుంటది, బ్లీచ్ చేసిన పాయల మీద ఇంక ఎక్కువ. రంగు మసకబారుతది, షాంపూ నురగ రాదు, నురగ రాలేదని ఇంకింత షాంపూ పోస్తరు. నీళ్ళల్ల ఇనుము, రాగి ఉంటే అదొక తిప్పలు. జుట్టుల రాగి పేరుకుంటే, మల్ల పెరాక్సైడ్ పెట్టినప్పుడు దెబ్బ ఎక్కువ తగుల్తది.

తాగే నీళ్ళకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన లెక్క లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత్వం. వేరే దిక్కు లేకుంటే 600 దాక ఒప్పుకుంటది. మీ నీళ్ళు ల్యాబ్‌ల పరీక్ష చేయించుకోండ్రి. టీడీఎస్ మీటర్ ముంచి చూసుడు సరిపోదు, అది ఉప్పులన్నిటిని కలిపి చూపిస్తది. నల్లాకు తగిలించే ఫిల్టర్లను గూడ నమ్ముకోకుండ్రి. మట్టి, క్లోరిన్ తగ్గుతయేమో గని సున్నం పోదు. దానికి రెజిన్ ఉన్న సాఫ్ట్‌నర్ కావాలె, అండ్ల ఉప్పు పోస్తుండాలె. అంత ఖర్చు వద్దనుకుంటే ఆఖరి రెండు మగ్గులు ఆర్వో నీళ్ళు పోసుకోండ్రి. ఆర్వో మెషీన్ పైపుల నుంచి బయటికి పోయే నీళ్ళు మాత్రం వద్దు, అండ్ల ఉప్పులు ఇంక ఎక్కువుంటయి. నెలకొకసారి ఈడీటీఏ ఉన్న కీలేటింగ్ షాంపూ, అంటే సున్నాన్ని, లోహాలను పట్టుకొని కడిగేసేది, చాలు.

గోరింటపొద (రాజమండ్రి)

ఇంత బాధ దేనికమ్మా? గోరింటాకు పెట్టుకుంటే ఎర్రటి మెరుపూ వస్తుంది, జుట్టుకు బలమూ వస్తుంది. బ్లీచ్ పెట్టడం, తర్వాత దానికి వైద్యం చేయడం, ఎందుకిదంతా? రంగు వెలిసినప్పుడు టోనర్ బదులు గోరింటాకు పెట్టి చూడు.

సెలూన్‌కుర్చీ (విజయవాడ)

దయచేసి ఈ సలహా పాటించకండి. ఇక్కడ మాత్రం నేను గట్టిగా చెప్పాలి.

గోరింటాకు నల్ల జుట్టును తేలిక చేయదు, ఉన్న రంగు మీద ఎరుపు పూస్తుంది. నల్ల జుట్టులో అది లీలగా కనిపిస్తుంది. బ్లీచ్ చేసిన పాయ మీద పడితే మంట రంగు నారింజ వస్తుంది, వెంట్రుకలోని కెరటిన్ ప్రొటీన్‌కు అంటుకుపోతుంది, టోనర్‌తో దాన్ని దాచలేం. ఏమీ కలపని ఆకు పొడి అయితే ఇంతవరకే. బజారులో దొరికే "బ్లాక్ హెన్నా" పొట్లాల్లో పీపీడీ అనే రంగు రసాయనం ఉంటుంది, అది కొందరికి మాడంతా దద్దుర్లు తెప్పిస్తుంది. లోహ లవణాలు కలిపినవైతే ఇంకా ప్రమాదం, తర్వాత పెరాక్సైడ్ తగిలితే జుట్టు వేడెక్కి తెగిపోతుంది. అందుకే బ్లీచ్‌కి వచ్చినవాళ్ళని మొదట అడిగేది హెన్నా పెట్టారా అనే. ఇంట్లోవాళ్ళు పెట్టినా దాచకుండా చెప్పండి.

అట్లాంటా_రింగులు

నా జుట్టు చూసేది ఇక్కడ ఒక ఆఫ్రికన్ అమెరికన్ స్టైలిస్ట్. మనకంటే బిగుతైన చుట్టల జుట్టు మీద కారమెల్, తేనె రంగులు ఏళ్ళ తరబడి నిలబెడుతున్నవాళ్ళు వీళ్ళు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవి చెబుతాను, మన జుట్టుకు చక్కగా పనికొచ్చాయి.

ఉంగరాల జుట్టులో మాడు మీద ఊరే నూనె చివరిదాకా దిగదు, ప్రతి మెలిక దగ్గరా ఆగిపోతుంది. కాబట్టి మన చివర్లు రంగు వేయకముందు నుంచే పొడి. ఆ చివర్లకే బ్లీచ్ పెట్టాక "ఏమీ రాయొద్దు" అనడం ఈ జుట్టు తెలిసినవాళ్ళు అనే మాట కాదని ఆవిడ వాదన. నేను ఆ పక్షమే.

కానీ కొబ్బరి నూనె మీద ఆవిడకు గురి లేదు. బ్లీచ్ అయిన బిగుతు రింగులకు కొబ్బరి నూనె పెడితే కొందరికి జుట్టు బిరుసెక్కి, పుల్లలా నిలబడుతుంది. నాకూ అంతే. జొజోబా, ఆర్గాన్ లాంటివి సరిపడ్డాయి. తడి జుట్టుకు లీవ్-ఇన్ క్రీమ్ రాశాక, దాని మీద అరచేతిలో నాలుగు చుక్కలు రుద్ది చివర్లకు అద్దుతాను. రాత్రి శాటిన్ టోపీ పెట్టుకుంటాను, కాటన్ దిండుకు రాసుకుని తెగే జుట్టు తక్కువేం కాదు. పొడి జుట్టు దువ్వను, కండిషనర్ ఉండగానే వేళ్ళతో చిక్కు తీస్తాను. తల వారానికి ఒక్కసారే.

పర్పుల్ షాంపూ గురించి ఎవరూ అనలేదు. వీడియోలు చూసి కొనేయకండి. ఊదా రంగు పసుపును చంపుతుంది, బూడిద ఛాయ బ్లాండ్‌కి అది కావాలి. కారమెల్‌లో ఆ పసుపు, బంగారమే ప్రాణం. దాన్ని చంపితే పాయలు వెలసిన మట్టి రంగులోకి వస్తాయి. నారింజ మరీ ఎక్కువైతే నీలం షాంపూ ఎప్పుడో ఒకసారి చాలు. నేను ఎక్కువగా వాడేది బంగారు గోధుమ రంగు కలిసిన కండిషనర్. తలస్నానంలో పోయిన ఛాయని తలస్నానంలోనే కాస్త వెనక్కి ఇస్తుంది, టోనర్‌కి వెళ్ళాల్సిన గడువు పెరుగుతుంది.

రసాయనశాల (కాకినాడ)

బిరుసెక్కడం గురించి విన్నాను, కొందరి జుట్టుకు అలా అవుతుంది. ముందు ఒక్క పాయకు పెట్టి చూసుకోవాలి. మనవైపు వదులు రింగుల జుట్టుకు మాత్రం తలస్నానానికి ముందు కొబ్బరి నూనెకు మించింది నాకు కనిపించలేదు. పాకంపాయలు గారు, పద్ధతి ఇది. గోరువెచ్చగా కూడా అక్కర్లేదు. రంగు వేసిన పొడవుకే, వేళ్ళు జిడ్డయ్యేంత. మాడుకు వద్దు, చుండ్రు ఉంటే అసలే వద్దు. గంట ఆగండి. తర్వాత షాంపూ తీయకండి, ముందు ఆ నూనె మీదే కండిషనర్ రాసి నీళ్ళతో నలపండి, నూనె పాలలా విరిగి చాలా వరకు జారిపోతుంది. ఆ మీదట మాడుకు మాత్రం ఒక్కసారి షాంపూ. సెలూన్‌కుర్చీ గారు భయపడుతున్న రెండో షాంపూ అవసరమే రాదు.

సెలూన్‌కుర్చీ (విజయవాడ)

కండిషనర్‌తో నూనె తీయడం బాగుంది. ఇలా చేస్తామంటే నా కస్టమర్లకు "నూనె వద్దు" అని చెప్పను. నిజం చెప్పాలంటే మేం "వద్దు" అనేది, ఇంతా వివరించే సమయం కుర్చీ దగ్గర ఉండక. అయితే రాత్రంతా పెట్టుకోవడం, కాచి పోసుకోవడం ఇప్పటికీ వద్దంటాను. రంగు వేసిన మొదటి రెండు మూడు రోజులు నీళ్ళే తగలనీయకండి. హెయిర్ స్ట్రెయిట్‌నర్ పెట్టాల్సి వస్తే 180 డిగ్రీలు దాటొద్దు, అసలు ఆ రింగులే పోగొట్టుకుంటే హైలైట్స్ ఎందుకు?

పాకంపాయలు (మియాపూర్)

అందరికీ ధన్యవాదాలు. మాది సగం మంజీర, సగం బోరు. వేసవిలో పూర్తిగా ట్యాంకరే. బాత్రూంలో బకెట్ అంచు చుట్టూ తెల్ల చార ఎందుకు కడుతోందో ఇప్పుడు తెలిసింది. నీళ్ళ పరీక్షకు ఇస్తాను. నూనె అమ్మే పెడతానంటోంది, గంట మాత్రమే, చివర్లకే అన్న షరతు మీద. మాడుకు పెట్టకపోతే అది నూనె పెట్టడమే కాదని ఆవిడ పట్టుదల, అది ఇంకా తేలలేదు.

ఒక్క సందేహం. మళ్ళీ హైలైట్స్‌కి వెళ్ళేటప్పుడు ముందు రోజు రాత్రి కొబ్బరి నూనె పెట్టుకుని అలాగే వెళ్తే బ్లీచ్ దెబ్బ తగ్గుతుందని చాలాచోట్ల చదివాను. నిజమేనా?

రసాయనశాల (కాకినాడ)

లోపలికి ఇంకిన నూనె ఉంటే ఉబ్బడం తగ్గుతుంది కాబట్టి కొంత మేలు ఉంటుందనే నా అభిప్రాయం. పలచగా పెట్టుకోండి.

సెలూన్‌కుర్చీ (విజయవాడ)

నేను ఒప్పుకోను. జిడ్డు ఉన్నచోట బ్లీచ్ ఎంత వేగంగా ఎక్కుతుందో చెప్పలేను. ఒక పాయ నారింజ దగ్గర ఆగుతుంది, పక్క పాయ పసుపు దాటిపోతుంది, సరిచేయాలంటే మళ్ళీ బ్లీచే. నూనె తలతో వస్తే ముందు కడిగించి, ఆరబెట్టి, ఆ తర్వాతే పని మొదలుపెడతాను. ఆలోగా మీ సమయం వృథా. రెండు రోజుల ముందు తలకు పోసుకుని, ఏమీ రాయకుండా రండి.