సెనేటర్‌కి మెయిల్ పెట్టాలా, కౌన్సిలర్‌ని పట్టుకోవాలా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఈమధ్యే ఐర్లండ్‌లో, డబ్లిన్ శివారు లూకన్ వైపు కొత్త ఎస్టేట్‌లో (ఇళ్ల కాలనీలో) ఇల్లు తీసుకున్నాం. వీధి దీపాలు సగం వెలగవు. కౌన్సిళ్లకు నిధులు పెంచాలని ఒక సెనేటర్ సభలో మాట్లాడినట్టు కరపత్రం వచ్చింది. ఆయనకి రాస్తే పనవుతుందా? ప్రాపర్టీ ట్యాక్స్ కట్టేది వీటికేగా?

జవాబు: రాయండి, తప్పేం లేదు. కానీ దీపం ఆయన చేతిలో లేదు. మన స్థానిక సంస్థల ఎమ్మెల్సీలు తెలుసుగా, దాదాపు అలాగే. షానాడ్‌లో, అంటే సెనేటర్లు కూర్చునే ఇక్కడి ఎగువ సభలో 60 సీట్లు. వాటిలో 11 ప్రధాని నామినేట్ చేస్తారు, 6 యూనివర్సిటీ పట్టభద్రులవి. మిగతా 43 సీట్లకు ఓటేసేది టీడీలు (దిగువ సభ సభ్యులు), దిగిపోతున్న సెనేటర్లు, 949 మంది కౌన్సిలర్లు. కౌన్సిలర్లే ఎక్కువ కాబట్టి కౌన్సిల్ నిధుల మాట సభలో అన్నిసార్లు వినిపిస్తుంది. ఓటర్లను చూసుకోవాలి కదా!

ఆయన నిజంగా ఏం అడిగారో కరపత్రంలో కాదు, ఓరాక్తస్ (ఇక్కడి పార్లమెంట్) వెబ్‌సైట్‌లో చూడండి. ఎవరి పేరు నొక్కితే వాళ్ల ప్రసంగాలన్నీ వస్తాయి. ‘కమెన్స్‌మెంట్ మ్యాటర్స్’ (సభ మొదట్లో సెనేటర్లు సమస్యలు లేవనెత్తే సమయం) కింద ఒక్క సమస్య పట్టుకుని మంత్రి చేత జవాబు చెప్పించారా అన్నది ముఖ్యం. ఆ జవాబు కూడా చాలాసార్లు ‘ఇది స్థానిక కౌన్సిల్ చూసుకోవాల్సిన విషయం’ అనే ఉంటుంది లెండి.

ట్యాక్స్ సంగతి. వసూలు చేసేది రెవెన్యూ, అంటే ఇక్కడి పన్నుల శాఖ; డబ్బు వెళ్లేది కౌన్సిళ్లకు. రేటును 15 శాతం దాకా తగ్గించే అధికారం కౌన్సిలర్లకుంది. డబ్లిన్ సిటీలో ఏళ్ల తరబడి అలాగే తగ్గించారు. పన్ను తగ్గించామని చెప్పుకునేదీ వాళ్లే, నిధులు చాలవనేదీ వాళ్లే. ఇది మాత్రం నాకు మింగుడు పడదు.

ముందు స్తంభం మీద నంబర్ రాసుకుని కౌన్సిల్‌కి ఫిర్యాదు పెట్టండి. పలకకపోతే మీ ఏరియా కౌన్సిలర్‌కి ఫోన్ చేయండి. ఓటు నమోదు కూడా చేయించుకోండి. లోకల్ ఎన్నికలకు పౌరసత్వం అక్కర్లేదు, 18 నిండి ఇక్కడ నివాసముంటే చాలు. పోయినసారి 2024లో జరిగాయి, మళ్లీ 2029లో. ఆ 2024లోనే సౌత్ డబ్లిన్ కౌన్సిల్ మేయర్‌గా కేరళ నుంచి వచ్చిన బేబీ పెరెప్పాడన్ ఎన్నికయ్యారు.

ప్రశ్న: థాంక్స్ అండీ. ఎస్టేట్ ఇంకా ‘టేకెన్ ఇన్ ఛార్జ్’ కాలేదు, అంటే దాని రోడ్లు, దీపాల బాధ్యత కౌన్సిల్ తీసుకోలేదు; అందుకే కౌన్సిల్‌వాళ్లు బిల్డర్‌నే అడగమంటున్నారు.

మరొకరి జవాబు: అయితే సెనేటర్‌ని ఇప్పటికి వదిలేయండి. రోడ్లు, దీపాలు పూర్తి చేస్తామని బిల్డర్ కౌన్సిల్‌కి సాధారణంగా బాండ్ (పూచీకత్తు) ఇస్తాడు. మీ ఎస్టేట్‌కి ఆ బాండ్ ఉందా, ఎస్టేట్‌ని కౌన్సిల్ ఎప్పుడు తీసుకుంటుంది అని కౌన్సిలర్‌ని మెయిల్‌లోనే అడగండి, రాతలో ఉంటే మంచిది. పక్కింటివాళ్లనీ ఒక్కో మెయిల్ పెట్టమనండి.