90 రోజుల అరువు మీద పెద్ద ఆర్డరు: ముందు బండికి ఎంత దూరం వదలాలి?

ప్రశ్న:
విజయవాడ ఆటోనగర్‌లో అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ నడుపుతున్నాను. మా అమ్మకాలను రెట్టింపు చేసే ఆర్డరు ఒకటి వచ్చింది. డబ్బు మాత్రం 90 రోజులకు ఇస్తామంటున్నారు, నేనేమో కాగితం మిల్లుకు 30 రోజుల్లో కట్టాలి. లారీలు నడిపే మా బావగారు, ముందు బండికి దూరం వదలకుండా వేగం పెంచవద్దన్నారు. వ్యాపారంలో ఆ దూరాన్ని ఎలా లెక్కగట్టాలో అనుభవజ్ఞులు తెలుపగలరు.

జవాబు 1:
గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి, డ్రైవరు కాలు బ్రేకు మీద పడేలోపే సెకనుకు సుమారు 17 మీటర్లు ముందుకు పోతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. మీకు ఆ దూరమంటే, వసూళ్లు పూర్తిగా నిలిచిపోయినా జీతాలు, అద్దె, కరెంటు బిల్లు, మిల్లు బాకీ కట్టుకుంటూ ఎన్ని రోజులు నిలబడగలరన్నదే. ఈ లెక్కలో చాలామంది జీఎస్టీని మరిచిపోతారు. నెలనెలా రిటర్ను వేసేవారు, సరుకు డబ్బు చేతికి వచ్చినా రాకపోయినా, ఇన్‌పుట్ క్రెడిట్ (ముడిసరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ) పోగా మిగిలిన పన్నును మరుసటి నెల 20వ తేదీలోపు కట్టవలసిందే.

జవాబు 2:
2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం) ప్రకారం, ఉద్యం అనే కేంద్ర ప్రభుత్వ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న యూనిట్లకు కొనుగోలుదారు, ఒప్పందంలో ఏమి రాసుకున్నా, 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ పడుతుంది. అయితే సిగ్నల్ మనకే ఉన్నా, అడ్డంగా వచ్చే టిప్పరును చూసుకోకుండా ముందుకు పోలేము కదా. డబ్బు ఆలస్యమైతే ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేసే హక్కు మీకుంది, కానీ ఫిర్యాదు చేసినవారికి మళ్లీ ఆర్డరు ఇస్తారా అన్నది మీరే ఆలోచించుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. కానీ బెంజి సర్కిల్ దగ్గర దూరం వదిలితే ఆ సందులోకి ఆటో దూరుతుంది. నేను వద్దంటే పక్క యూనిట్ వారు ఒప్పుకుంటారు.

జవాబు 3:
ఆటో దూరితే కాస్త వేగం తగ్గించి మళ్లీ దూరం చేసుకుంటామే తప్ప, దాన్ని అంటుకుని పోము. ఆర్డరులో మూడో వంతు మాత్రం ఒప్పుకుని, మొదటి బిల్లు వసూలయ్యాక మిగతాది పెంచుతామని రాసి ఇవ్వండి. ఈలోగా క్యాష్ క్రెడిట్ డబ్బుతో కొత్త యంత్రం కొనవద్దు. అది సరుకు మీదా రావలసిన బాకీల మీదా రోజువారీ ఖర్చులకు వాడుకోమని బ్యాంకు ఇచ్చిన అప్పు పరిమితి. ఏళ్ల తరబడి పనిచేసే యంత్రానికి టర్మ్ లోను (ఏళ్ల మీద వాయిదాల్లో తీర్చే అప్పు) విడిగా అడగండి.